సముద్రపు నాచు ద్రావణం: ఎప్పుడు కొట్టాలి, దేంతో కలపకూడదు

ప్రశ్న: మిర్చికి నాచు ద్రావణం, కాల్షియం నైట్రేట్ ఒకే ట్యాంకులో కలిపి కొట్టాం. సగం ట్యాంకు కాకముందే నాజిల్ మూసుకుపోయింది. విప్పి చూస్తే ఫిల్టరు నిండా జిగురు. మందు నకిలీదేనంటారా?
– మిర్చి రైతు, పల్నాడు జిల్లా

జవాబు: నకిలీ అనుకోనక్కర్లేదండి. తప్పు కలపడంలో జరిగింది. గోధుమ రంగు నాచును సాధారణంగా క్షారంతో ఉడికించి ద్రావణం తీస్తారు. అందులో ఆల్జినేట్ అనే జిగురు పదార్థం కరిగి ఉంటుంది. దానికి కాల్షియం తగిలిందంటే గడ్డకడుతుంది. ఇంట్లోనే చూడొచ్చు. గ్లాసు నీళ్లలో చెంచాడు కాల్షియం నైట్రేట్ కరిగించి, నాచు ద్రావణం చుక్కచుక్కగా వదలండి. ద్రావణం చిక్కనిదైతే చుక్కలు ఉడికిన సగ్గుబియ్యంలా గుండ్రంగా నిలబడతాయి. పలుచనిదైతే తరకలు తరకలుగా విరుగుతుంది. మీ ఫిల్టర్లో చేరింది అదే.

రాగి మందులతోనూ ఇదే గొడవ. బోర్డో మిశ్రమంలో రాగికి తోడు సున్నం కూడా ఉంటుంది కాబట్టి దాని జోలికి అసలు పోవద్దు. ఫాస్ఫారిక్ ఆమ్లం లాంటి బాగా పులుపున్నవి కలిపినా ఆల్జినేట్ విరిగిపోతుంది. బోరు నీళ్లలో కాఠిన్యం ఎక్కువుంటే, ఏమీ కలపకపోయినా అడుగున తెట్టు కనిపిస్తుంది. అప్పుడు కాలువ నీరో, వాన నీరో వాడండి.

ఏదైనా కలపక తప్పదనుకుంటే ముందు సీసా పరీక్ష చేయండి. ట్యాంకులో పోసే నిష్పత్తిలోనే లీటరు నీళ్లలో కలిపి అరగంట కదపకుండా ఉంచండి. తరకలు, తెట్టు, వేడి, ఏది కనబడినా కలపొద్దు. కాల్షియం విడిగా, నాలుగైదు రోజుల ఎడంతో కొట్టుకోండి.

మూసుకుపోయిన నాజిల్‌ను పిన్నీసుతో పొడవకండి. రంధ్రం పెద్దదై ఆ తర్వాత ప్రతి మందూ ఎక్కువ పడుతుంది. బట్టల సోడా కలిపిన గోరువెచ్చని నీళ్లలో గంటసేపు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే జిగురు వదులుతుంది.

ప్రశ్న: వరికి నాచు ద్రావణం కొడితే పొటాష్ మానేయొచ్చని దుకాణంలో చెప్పారు. నిజమా?
– వరి రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: కాదండి. లెక్క మీరే చూడండి. ఎకరాకు 250 మిల్లీలీటర్లు కొడతారు. అందులో 5 శాతం పొటాష్ ఉందనుకున్నా 12, 13 గ్రాములకు మించదు. వరికి కావాల్సింది ఎకరాకు 16 కిలోల లెక్కన. ఏ మూలకు సరిపోతుంది? నత్రజని, భాస్వరం సంగతీ అంతే.

నాచు పనిచేసే దారి వేరు. అందులోని సైటోకైనిన్, ఆక్సిన్ లాంటి పదార్థాలు, బీటైన్లు మొక్కకు సంకేతాల్లా పనిచేస్తాయి. వేరు పెరుగుదలకు, బెట్టను తట్టుకోవడానికి తోడ్పడతాయి. మనం వేసిన ఎరువును మొక్క మెరుగ్గా అందుకోవడంలోనే దీని ఉపయోగం. పిలక దశలో ఒకసారి, కంకి అంకురించే దశలో ఒకసారి కొడితే చాలు. పొద్దున 9 లోపు గానీ, సాయంత్రం 4 తర్వాత గానీ ఆకు రెండువైపులా తడిసేలా కొట్టాలి. మబ్బు పట్టి ఉంటే ఆగండి.

మోతాదులో ఒక తిరకాసుంది, దీన్ని గట్టిగా గుర్తుంచుకోండి. తమిళనాడు మండపం తీరంలో పెంచే కప్పాఫైకస్ అనే ఎర్ర నాచును పచ్చిగా నూరి రసం తీసే పద్ధతిని గుజరాత్ భావ్‌నగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ (సీఎస్‌ఎంసీఆర్‌ఐ) రూపొందించింది. ఆ రసం పలుచన కాబట్టి ప్రయోగాల్లో లీటరు నీటికి 50 నుంచి 100 మిల్లీలీటర్ల దాకా వాడారు. గాఢమైన ద్రావణాలకు లీటరుకు 2, 2.5 మిల్లీలీటర్లే. ఒకదాని లెక్క ఇంకోదానికి వేస్తే పైరు దెబ్బతింటుంది. మోతాదు మించితే ఆకు అంచులు మాడతాయి, వేరు పెరగడం మందగిస్తుంది. డబ్బా మీదున్న మోతాదే మీ లెక్క.

మొదటి పంటకు పొలంలో పది అడుగుల పట్టీ ఒకటి నాచు కొట్టకుండా వదిలేయండి. మిగతావన్నీ సమానంగా చేయండి. కోతప్పుడు రెండుచోట్లా ఒకే కొలత మడి కోసి తూకం వేస్తే ఖర్చు గిట్టిందో లేదో తెలిసిపోతుంది. ఆకు పచ్చదనం చూసి తేల్చుకోవద్దు.

ప్రశ్న: మిర్చిలో బొబ్బర వచ్చింది. నాచు మందు కొడితే తగ్గుతుందా?
– ఖమ్మం జిల్లా రైతు

జవాబు: తగ్గదండి. బొబ్బర అంటే ఆకులు ముడుచుకుపోయే వైరస్ తెగులు. వైరస్ సోకిన మొక్కను ఏ నాచూ బాగుచేయదు. తొలిదశలోనే ఆ మొక్కలు పీకి కాల్చేయండి, ఆ వైరస్‌ను మోసుకొచ్చే తెల్లదోమను అదుపు చేయండి. డబ్బు అక్కడ పెట్టండి.

ప్రశ్న: తుపాను తర్వాత ఒడ్డుకు నాచు కుప్పలుగా కొట్టుకొస్తుంది. కొబ్బరి చెట్లకు నేరుగా వేయొచ్చా?
– ఉద్దానం రైతు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఒడ్డుకు చేరిందే తీసుకోండి. రాళ్లకు అంటుకుని బతికున్నది పీకకండి, చేపపిల్లలకు అదే నీడ. కొబ్బరి ఉప్పును కొంత ఓర్చుకున్నా, పచ్చి నాచును చెట్టు మొదలు దగ్గర కుప్ప పోయొద్దు. మంచినీటితో రెండు మూడుసార్లు కడిగి, ఎండిన కొబ్బరి ఆకులు, పశువుల పేడతో పొరలు పొరలుగా గుంటలో వేయండి. నాచు మూడో వంతు మించకూడదు. మధ్యమధ్య తిరగేస్తూ మూడు నెలలు మాగనివ్వండి. వాడేముందు భూసార పరీక్ష కేంద్రంలో ఉప్పు సాంద్రత చూపించండి, అది 4 డి.ఎస్./మీ. (ఉప్పును కొలిచే ప్రమాణం, డెసీసీమెన్స్ పర్ మీటర్) దాటితే మళ్లీ నీళ్లతో కడగాల్సిందే. గోధుమ నాచులో ఆర్సెనిక్ చేరే గుణముంది కాబట్టి ఆకుకూరల మడికి వేయొద్దు. ఓడరేవులు, మురుగు కాలువలు కలిసే చోటు నాచు అసలే వద్దు.

ప్రశ్న: కొనేటప్పుడు ఏం చూడాలి?
– నల్గొండ జిల్లా రైతు

జవాబు: నాచు ద్రావణం లాంటి, మొక్క ఎదుగుదలను ప్రేరేపించే మందులను బయోస్టిమ్యులెంట్లు అంటారు. వీటిని 2021 ఫిబ్రవరిలో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి తెచ్చారు. తాత్కాలిక అనుమతుల గడువు 2025 జూన్ 16తో ముగిసింది. కాబట్టి డబ్బా మీద బయోస్టిమ్యులెంట్ అన్న మాట, ఏ నాచు, ఎంత శాతం, ఏ పంటకు ఎంత మోతాదు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ అన్నీ ఉండాలి. ‘పురుగూ చస్తుంది, దిగుబడీ పెరుగుతుంది’ అని రాసుంటే పక్కన పెట్టేయండి. బిల్లు మీద బ్యాచ్ నంబరు రాయించుకోండి. పైరు దెబ్బతింటే వ్యవసాయాధికారికి చూపించడానికి ఆ బిల్లూ, డబ్బాలో కాస్త మిగిలిన మందూ కావాలి.