సంతోషం, ఎంజాయ్‌మెంట్ లేకపోతే పని చేయబుద్ధి ఎలా అవుతుంది?

ఏ పని చేసినా కిక్కు రావట్లేదు, సంతోషం లేనప్పుడు అసలెందుకు చేయాలి అని కదా మీరడిగింది. నా సంగతి చెప్తా, ఎంతవరకు పనికొస్తుందో మీరే చూసుకోండి.

నాన్నకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఫిజియో అతను వారం రోజులు వచ్చి నేర్పించి, ఇక రోజూ రెండు పూటలా మీరే చేయించండి అని వెళ్ళిపోయాడు. బిగుసుకుపోయిన పిడికిలిని మెల్లగా ఒక్కో వేలూ తెరవాలి, తెరిచి కాసేపు అలాగే పట్టుకోవాలి, తొందరపడి గబుక్కున లాగితే ఇంకా గట్టిగా ముడుచుకుంటుంది. ఒక్కో వేలికి పదిసార్లు. ఇందులో ఎంజాయ్ చేయడానికి ఏముంది చెప్పండి, ఆయనకి చిరాకు, నాకు నిద్రమత్తు, కొన్ని రోజులైతే ఒక్క మాట కూడా లేకుండా కానిచ్చేసేవాళ్ళం. చుట్టాలేమో ఎంత ప్రేమగా చేస్తున్నావో అంటారు. అబ్బే, ఆ టైంలో ప్రేమా గీమా ఏమీ గుర్తురావు, ఏడోసారా ఎనిమిదోసారా అన్న లెక్క తప్పకపోతే చాలనిపిస్తుంది.

మరెందుకు చేశానంటే, నాలుగు రోజులు మానేస్తే ఐదో రోజు ఆ వేళ్ళు అంత తేలిగ్గా తెరుచుకోవు. అంతే కారణం.

అదే టైంలో నాకు డిపార్ట్‌మెంట్ పరీక్ష ఒకటుండేది, పుస్తకం తెరిచిన ప్రతిసారీ ఇది నాకు ఇష్టమేనా, మూడ్ ఉందా అని నన్ను నేనే అడుక్కుని మూసేసేవాణ్ణి. నాన్న చెయ్యి దగ్గర మాత్రం ఆ ప్రశ్న ఒక్కసారీ రాలేదు, అది చూసే నాకు వెలిగింది. తర్వాత ఆఫీసులో అదే పరీక్ష రాస్తున్న ఒకావిడకి ఆదివారం సాయంత్రం ఒక్కో చాప్టర్ చెప్తానని మాటిచ్చా, ఆవిడ ఎదురుచూస్తుంటుంది కాబట్టి శనివారం రాత్రి చచ్చినట్టు చదివేవాణ్ణి. సబ్జెక్టు మీద ఇష్టం ఇప్పటికీ రాలేదు లెండి, పరీక్ష మాత్రం పాసయ్యా.

కెంట్ బెరిడ్జ్ అని ఒక సైకాలజిస్టు, ఆయనా ఆయనతో పనిచేసినవాళ్ళూ 1980ల చివర్లో ఎలకల మెదడులో డోపమిన్ అనే రసాయనం దాదాపు లేకుండా చేసి చూశారు. అవి వాటంతటవి తిండి జోలికే పోలేదు, కానీ నోట్లో తీపి నీళ్ళు పోస్తే మాత్రం మామూలుగానే చప్పరించాయి. అంటే కావాలనిపించడం వేరు, బాగుందనిపించడం వేరు. కాబట్టి మొదలుపెట్టే ముందు ఉత్సాహం లేదంటే పని మీకు సరిపడదని అప్పుడే తేల్చేసుకోకండి.

ఒక్క విషయం, ఇదివరకు బాగా ఇష్టమైనవి కూడా రెండు వారాలు దాటి చప్పగా అనిపిస్తూ, నిద్రా తిండీ కూడా తేడా కొడుతుంటే అది మోటివేషన్ గొడవ కాకపోవచ్చు, డాక్టర్‌కి చూపించుకోండి, నా కథలు పక్కన పెట్టి.

నాన్న ఇప్పుడు ఆ చేత్తో టవల్ పట్టుకుంటున్నారు, చొక్కా గుండీలు మాత్రం ఇంకా నేనే పెట్టాలి. ఈ పూట ఎక్సర్‌సైజ్ ఇంకా కాలేదు, పక్క గదిలోంచి ఇప్పటికే రెండుసార్లు దగ్గారు, ఉంటా మరి.