జుట్టు సంగతి తర్వాత, ముందు గొంతు చూసుకోండి

ఒరేయ్ అల్లుడూ,

ఎనభైల నాటి, పెద్ద జుట్టు పెంచుకున్న రాక్ బ్యాండ్ల పాటలు వాయిస్తూ, మీ ఐదుగురూ డల్లాస్ నుంచి తుల్సా మీదుగా కాన్సస్ సిటీ దాకా పది రోజులు తిరగబోతున్నామని రాశావు. విగ్గుల సంగతి అడిగావు. చెబుతాను. కానీ ముందు అడగాల్సింది, మీ పాటగాడు వరసగా ఎన్ని రాత్రులు ఆ పైస్థాయిలో పాడగలడన్నది. పద్యనాటకం ఆడేవాడి కిరీటం కాస్త పక్కకి ఒరిగినా జనం ఊరుకుంటారు. రాగం తీసే చోట గొంతు పట్టేస్తే ఊరుకోరు. ఇదీ అంతే.

ఆ పాటలు ఇరవైల్లో ఉన్న కుర్రాళ్లు స్టూడియోలో ముక్కలుగా, మళ్లీ మళ్లీ పాడి అతికించినవి. మీవాడు ఒక్క రాత్రిలో ముప్పై పాటల దాకా పాడాలి. కాబట్టి బ్యాండంతా అర మెట్టు దించండి. మన లెక్కలో మూడు శ్రుతి నుంచి రెండున్నరకి, గిటార్ లెక్కలో ఈ నుంచి ఈ-ఫ్లాట్‌కి. నామోషీ ఏమీ లేదు. ఆ కాలపు బ్యాండ్లలో గన్స్ అండ్ రోజెస్ రికార్డులే అర మెట్టు కిందికి ఉంటాయి, మోట్లీ క్రూ ఏకంగా పూర్తి మెట్టు దించి వాయించారు. బార్‌లో కూర్చున్నవాళ్లలో అర మెట్టు తేడా పసిగట్టేవాడు ఒక్కడుంటే గొప్ప, వాడు కూడా గిటారిస్టే అయ్యుంటాడు.

కీబోర్డు అమ్మాయి ట్రాన్స్‌పోజ్ అనే శ్రుతి మార్చే బటన్ నొక్కి పని కానిచ్చేద్దామంటుంది. కానివ్వండి. అయితే చాలా కీబోర్డుల్లో కరెంటు పోయి వస్తే ఆ సెట్టింగు సున్నాకి వచ్చేస్తుంది. విరామం తర్వాత మొదటి పాటకి ముందు ఒక్క స్వరం నొక్కి బేస్ గిటార్‌తో సరిచూసుకోవడం అలవాటు చేయించు. లేకపోతే కీబోర్డుతో ఆరంభమయ్యే 'ది ఫైనల్ కౌంట్‌డౌన్' మొదలవగానే ఊరు ఊరంతా పళ్లు కొరుక్కుంటుంది.

బాన్ జోవి బ్యాండ్ పాట 'లివిన్ ఆన్ ఎ ప్రేయర్' లేకుండా ఈ తరహా రాత్రి గడవదు గనక దాని గురించి విడిగా చెప్పాలి. చివర్లో పల్లవి ఒకటిన్నర మెట్టు పైకి లేస్తుంది. పాటగాడికి ప్రాణాంతకం అదే. దానికి తోడు, ఆ లేచే చోట ఒక తాళావర్తంలో నాలుగు దెబ్బలకి బదులు మూడే ఉంటాయి. డ్రమ్మర్ నాలుగు కొట్టాడా, సగం మంది కొత్త శ్రుతిలో, సగం మంది పాతదాంట్లో పడతారు. ఆ ఒక్క చోటు పాటగాడు లేకుండా ఇరవైసార్లు కొట్టించు. పైకి లేచాక పల్లవి పాడే పని జనానికి అప్పజెప్పి, మైకు వాళ్ల వైపు తిప్పమను. అది మోసం కాదు, వాళ్లు టికెట్ కొన్నదే ఆ పని చేయడానికి. అందులో గిటార్ ధ్వనిని నోట్లోకి పంపి మాట్లాడించే టాక్ బాక్స్ ఉంటుంది, దాని గొట్టం మైకు స్టాండుకి టేపుతో చుట్టి, మైకు మూతికంటే మూడు నాలుగు అంగుళాలు పైకి ఉండేలా పెట్టుకో. ఆ గొట్టం రోజూ వేడినీళ్లతో కడుగు. రెండో రోజుకే కంపు కొడుతుంది.

డెఫ్ లెపర్డ్ బ్యాండ్ పాటల్లో వినపడే వెనక గొంతుల గుంపు ఒకదాని మీద ఒకటి పేర్చి రికార్డు చేసింది. ఐదుగురిలో కనీసం నలుగురు పాడకపోతే ఆ నిండుతనం రాదు. మీ డ్రమ్మర్ పాడనంటే వాడికి హెడ్‌సెట్ మైకు ఇచ్చి 'హే' అన్నచోటల్లా అరిపించు, అదే సగం పని చేస్తుంది. లాప్‌టాప్‌లోంచి ముందే పట్టిన గొంతులు వదిలే పద్ధతీ ఉంది. ఎడమ చానెల్‌లో ట్రాక్, కుడి చానెల్‌లో డ్రమ్మర్ చెవికి మాత్రమే వినపడే క్లిక్, అంటే లయ చూపే టిక్కు టిక్కు. నాకది పెద్దగా రుచించదు. పెట్టుకుంటే మాత్రం ఒక నియమం: లాప్‌టాప్ ఆగిపోయినా ఆ పాట పూర్తిగా వాయించగలిగాకే ట్రాక్ కలపాలి.

పాటల వరస దగ్గర చాలామంది బోల్తా పడతారు. బార్లలో మామూలుగా మూడు భాగాలు, ఒక్కొక్కటి 45 నిమిషాలు, మధ్యలో 15 నిమిషాల విరామం. భాగానికి పది పాటలు పడతాయి. పై స్వరాల పాటలు రెండు వరసగా పెట్టొద్దు. రెండింటి మధ్య గిటారిస్టో బేస్ వాడో పాడే పాట ఒకటి పెట్టి పాటగాడిని నీళ్లు తాగనివ్వు. ఇంకో సంగతి, 1987లో పద్దెనిమిదేళ్లున్నవాళ్లు ఇప్పుడు యాభై దాటేశారు. వాళ్లు తొందరగా వస్తారు, తొందరగా పోతారు. అందరికీ తెలిసిన పాటలన్నీ ఆఖరి భాగానికి దాచిపెడితే ఖాళీ కుర్చీలకి వాయించుకోవాలి. రెండో భాగం చివర్లోనే పెద్ద పాటలు పడిపోవాలి. మెల్లటి పాటలు రాత్రికి మూడు చాలు.

ఇక నీ గిటార్. ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జి (తీగల్ని పట్టుకుని, వెనక స్ప్రింగుల బిగువు మీద తేలేది) ఉన్నదాన్ని అర మెట్టు దించితే తీగల బిగువు తగ్గి, వెనక స్ప్రింగులది పైచేయి అవుతుంది. బ్రిడ్జి ఒళ్లోకి కుంగిపోతుంది. రెండు దారులున్నాయి. సన్నటి 9-42 తీగలు తీసేసి కాస్త లావుగా ఉండే 10-46 వేసుకో, బిగువు దాదాపు మునుపటిలా ఉంటుంది. లేదా వెనక మూత తీసి స్ప్రింగుల కొక్కేన్ని పట్టుకున్న రెండు స్క్రూలు పావు చుట్టు చొప్పున వదులు చేస్తూ, బ్రిడ్జి చెక్కకి సమాంతరంగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ శ్రుతి చేసుకో. అరగంట పని, ఇంట్లోనే కానిచ్చుకో. మెడ కొసన తీగలు ఆనే నట్ దగ్గర తాళం వేసే ముందు తీగలు బాగా లాగి సాగదియ్యి, బ్రిడ్జి మీదున్న చిన్న ట్యూనర్లు సగంలో ఉంచు, ఆ తర్వాతే బిగించు. వాటిని పూర్తిగా తిప్పేసి బిగిస్తే స్టేజి మీద సవరించుకోవడానికి చోటే మిగలదు. ఈ బ్రిడ్జితో ఒక్క తీగ తెగితే మిగతా ఐదూ పైకి లేచిపోతాయి, పాట అక్కడితో ఆఖరు. అందుకని రెండో గిటార్ తయారుగా స్టాండు మీద ఉండాల్సిందే. మోట్లీ క్రూ పాటలు అసలు శ్రుతిలోనే కావాలనుకుంటే దాన్ని రెండు శ్రుతికి దించి, ఆ పాటలన్నీ పక్కపక్కనే పెట్టుకో. కాకపోతే అప్పుడు మూడో గిటార్ మోయాలి.

వెనక నిండా మార్షల్ కంపెనీ స్పీకర్ బాక్సుల గోడ కావాలంటావు, నాకు తెలుసు. ఆ రోజుల్లో కూడా ఆ గోడల్లో చాలా బాక్సులు ఉత్త డొల్లలే. మీరూ పల్చటి ప్లైవుడ్‌తో ముందు జాలీ ఉన్న డొల్లలు చేసుకుని, లోపల ఒక్కదాంట్లోనే స్పీకర్లు పెట్టండి. బరువూ తగ్గుతుంది. 150 మంది పట్టే బార్‌లో 100 వాట్ల వాల్వు ఆంప్‌ని (ఆంప్లిఫయర్‌ని) దాని అసలు గొంతు వచ్చేదాకా తిప్పితే ముందు వరస లేచి వెళ్లిపోతుంది. 20 వాట్లదైతే సరిపోతుంది, ముందు మైకు పెడితే చాలు. స్పీకరు తగిలించకుండా వాల్వు ఆంప్ వెయ్యొద్దు, ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. గిటార్ కేబుల్‌ని స్పీకర్ కేబుల్‌గా వాడొద్దు. చూడ్డానికి ఒకేలా ఉంటాయిగానీ అది సన్నటిది, వేడెక్కుతుంది. 16 ఓమ్‌ల బాక్సులు రెండు కలిపితే ఆంప్ వెనక మీట 8 దగ్గర ఉండాలి.

కరెంటు విషయంలో ఎవరి మాటా నమ్మొద్దు. ఇక్కడ అమెరికాలో ఒక సర్క్యూట్ మామూలుగా 15 లేదా 20 ఆంపియర్లు, 120 వోల్టులు. పదిహేనుదైతే 1800 వాట్లు, గంటల తరబడి వాడితే అందులో 80 శాతం, అంటే 1440 వాట్లు మించకూడదు. వెనక బీర్ ఫ్రిజ్ కూడా అదే సర్క్యూట్ మీద ఉందేమో అడుగు. ఫ్రిజ్ మోటారు తిరిగిన క్షణానే మీరు ఆరిపోతారు. దీపాలొక సర్క్యూట్, సౌండు మరొకటి. మూడు చిన్న బల్బులుండే ప్లగ్ టెస్టర్ హార్డ్‌వేర్ దుకాణాల్లో చవగ్గా దొరుకుతుంది, ప్రతి ప్లగ్గూ దానితో చూడు. గుయ్‌మనే మోత పోవాలని ఎర్తు పిన్ను తీసేసే మహానుభావులుంటారు. అలా చేస్తే చేతిలో గిటార్, పెదవి దగ్గర మైకు, మధ్యలో నువ్వే తీగవి. మోతకి మందు, వాద్యాన్ని మిక్సర్‌కి కలిపే డీఐ బాక్సు మీదుండే గ్రౌండ్ లిఫ్ట్ మీట, ప్లగ్గు విరవడం కాదు.

వైర్‌లెస్ మైకులు పాతవి కొంటుంటే కింద రాసున్న ఫ్రీక్వెన్సీ చూడు. 600 మెగాహెర్ట్జ్ పట్టీలో చాలా భాగం అమెరికాలో 2020 జూలై నుంచి మైకులకి నిషిద్ధం. చవగ్గా అమ్ముడయ్యేవి ఎక్కువగా అవే. ఒంటికి కట్టుకునే ట్రాన్స్‌మిటర్ చెమటకి పాడవకుండా కండోమ్‌లో దూర్చి ముడేస్తారు. నవ్వకు, నాటకాల వాళ్లూ అదే చేస్తారు.

ఇప్పుడు సవరాల శాఖ. నిజం జుట్టున్నవాళ్లు తలకిందులుగా వంగి ఆరబెట్టుకుని, అంగుళం వెడల్పు పాయలు తీసి, దువ్వెనతో మొదలు వైపుకి మూడు నాలుగుసార్లు వెనక్కి దువ్వి, అడుగు దూరం నుంచి స్ప్రే కొట్టాలి. ముందు పైపాయలు వదిలేసి లోపలివి పైకి లేపితేనే నిలబడుతుంది. విగ్గు పెట్టుకునేవాళ్లు కింద నైలాన్ టోపీ వేసి, నుదుటి దగ్గరా చెవుల దగ్గరా విగ్గు టేపు అంటించి, పిన్నులు ఇంటూ గుర్తులా రెండేసి గుచ్చాలి. ముందు అంచు కనపడకుండా రుమాలు కడితే సరిపోతుంది, ఆ వేషానికి అదీ నప్పుతుంది. ఇంట్లో రెండు నిమిషాలు గట్టిగా తల ఊపి చూడండి. ఊడేదైతే అక్కడే ఊడుతుంది. సింథటిక్ విగ్గులు చల్లనీళ్లలోనే కడగాలి. వేడి తగిలితే కొసలు చిట్లి మేకబొచ్చులా అవుతాయి. మెడ వెనక చిక్కు రోజూ తియ్యాలి, కొసల నుంచి మొదలుపెట్టి పైకి. చెమట కంపు కొట్టే బట్టల మీద చవకబారు వోడ్కాలో నీళ్లు కలిపి లోపలి వైపు చల్లి, గాలికి ఆరెయ్యండి.

నిప్పు మాత్రం వద్దు. ఎవరో ఒకరు 'చిన్న చిచ్చుబుడ్డి పెడదాం' అంటారు. 2003 ఫిబ్రవరి 20న రోడ్ ఐలాండ్‌లోని వెస్ట్ వార్విక్‌లో ద స్టేషన్ అనే క్లబ్బులో సరిగ్గా ఇలాంటి ప్రదర్శనలోనే చిచ్చుబుడ్ల రవ్వలు గోడల మీది ఫోమ్‌కి అంటుకుని 100 మంది చచ్చిపోయారు. హెయిర్ స్ప్రే మండేదే, సింథటిక్ విగ్గు కరిగి తలకి అంటుకునేదే. ఎల్‌ఈడీ దీపాలు, ఒక పొగ యంత్రం చాలు. ఆ పొగ కూడా ముందు క్లబ్బువాణ్ణి అడిగి వదలండి, పొగ అలారం మోగితే ఫైరింజన్ వస్తుంది.

వ్యాను వెనక ట్రెయిలర్ ఉంటుంది కదా. సామాను బరువులో 60 శాతం ఇరుసుకి ముందు వైపు ఉండాలి, వ్యానుకి ట్రెయిలర్ తగిలించే హిచ్ మీద పడే బరువు మొత్తంలో 10 నుంచి 15 శాతం. 2,000 పౌండ్లుంటే 200 నుంచి 300. ఆంపులు, డ్రమ్ స్టాండ్ల పెట్టె ముందు, డొల్ల బాక్సులు వెనక. తలుపు దగ్గర బరువులు పెడితే 60 మైళ్ల వేగంలో ట్రెయిలర్ తోక ఊపడం మొదలెడుతుంది. అప్పుడు బ్రేకు తొక్కకుండా మెల్లగా యాక్సిలరేటర్ వదలాలి. పెద్ద వ్యాను నిండా మనుషుల్ని కూర్చోబెడితే తిరగబడే ప్రమాదం ఎక్కువ. పైకప్పు మీద సామాను వద్దు. రోజుకి 300 మైళ్లు మించకుండా ఊళ్లు ఒప్పుకోండి. ట్రెయిలర్‌తో గ్యాలన్‌కి 10, 12 మైళ్లే వస్తాయి, అంటే రోజుకి 25-30 గ్యాలన్లు. బేరం ఆడేటప్పుడు ఈ లెక్క చేతిలో ఉండాలి. రాత్రి మోటెల్లో ట్రెయిలర్ తలుపు గోడకి ఆనేలా వెనక్కి పెట్టండి. తాళంకంటే గోడ గట్టిది. సీరియల్ నంబర్లన్నీ ఫొటోలు తీసి ఉంచండి.

డబ్బు సంగతి ఒక పేజీ కాగితం మీద ఉండాలి: ఎన్నింటికి సామాను దించాలి, ఎన్ని భాగాలు, తిండి ఎవరిది, రాత్రి చివర డబ్బు చేతికిచ్చేది ఎవరు. పెట్రోలు, ట్రెయిలర్ అద్దె, సౌండు మనిషి ముందు, మిగిలింది సమానంగా. పాటల హక్కుల రుసుము ఏఎస్‌సీఏపీ, బీఎంఐ లాంటి సంస్థలకి మామూలుగా క్లబ్బు కట్టుకుంటుంది, మీరు కాదు. నీకు గ్రీన్ కార్డు ఉంది. బేస్ వాయించే మీ స్నేహితుడు హెచ్-1బీ మీద ఉన్నాడన్నావు చూడు, అది పెద్ద సంగతి. ఆ వీసా కంపెనీ ఇచ్చిన ఉద్యోగానికే. బార్‌లో యాభై డాలర్లు తీసుకున్నా అనుమతి లేని పని కిందికి వస్తుంది. డబ్బు తీసుకోకపోతే సరిపోతుందని కూడా అనుకోవద్దు. బయల్దేరే ముందే ఇమిగ్రేషన్ లాయర్ని అడగమను. కాదంటే ఆ పది రోజులకి వేరే బేస్ మనిషిని చూసుకోండి.

చెవులకి అచ్చు తీయించిన ప్లగ్గులు చేయించుకోండి, 15 డెసిబెల్స్ తగ్గించేవి. 85 డెసిబెల్స్ ఎనిమిది గంటలు తట్టుకోవచ్చు. ఆపైన మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగం అవుతుంది. వంద దగ్గర పావుగంటే. డ్రమ్మర్ పక్కన నిలబడేది నువ్వే.

మీ అమ్మకి ఈ ఉత్తరంలో నిప్పు పేరా, వ్యాను పేరా చదివి వినిపించకు.

మీ మావయ్య

తా.క.: అద్దె ట్రెయిలర్ తెచ్చుకునే ముందు మీ వ్యాను హిచ్ బంతి మీద చెక్కి ఉన్న అంకె చూసి చెప్పు. 1⅞, 2, 2 5/16 అంగుళాలని మూడు రకాలుంటాయి. ట్రెయిలర్ మూతికుండే 2 అంగుళాల కప్పు 1⅞ బంతి మీద చక్కగా కూర్చున్నట్టే కనిపిస్తుంది, మొదటి గతుకు దగ్గర ఎగిరొస్తుంది. దీపాల ప్లగ్గు నాలుగు పిన్నులదా ఏడు పిన్నులదా అన్నది కూడా చూడు, అడాప్టర్ నా దగ్గరుంది.