జియా గురించి మాట్లాడే హక్కు నాకుందా?

ప్రశ్న: మాది గుంటూరు. పెళ్లయ్యాక న్యూజెర్సీలో ఉంటున్నాను. మావారి కుటుంబం ఇటలీ నుంచి వచ్చింది. ఆయన పెద్దమ్మ ఈ మధ్యే పోయారు. మేమంతా ఆవిడని జియా అనేవాళ్లం, ఇటాలియన్‌లో పెద్దమ్మనీ పిన్నినీ అత్తనీ అలాగే పిలుస్తారు. 1967లో, పదిహేనేళ్ల వయసులో, దక్షిణ ఇటలీలో అవెల్లీనో దగ్గర కొండల్లోని ఒక పల్లె నుంచి అమెరికా వచ్చి, ఇక్కడే చదువుకుని స్కూలు టీచర్ అయ్యారు. పెళ్లి చేసుకోలేదు. మా అత్తగారు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తుంటే మావారినీ, మా ఆడపడుచునీ పెంచింది జియానే. నెల రోజులకి చర్చిలో పూజ పెట్టుకున్నాం. ఆ రోజు ఆవిడ గురించి నన్ను మాట్లాడమని మామగారు అడిగారు. "ఏడెనిమిదేళ్ల పరిచయం నీది, నువ్వేం చెప్తావు?" అని ఆడపడుచు మొహం మీదే అనేసింది. మావారు నోరు విప్పడం లేదు. జియా ఇంటి నుంచి తెచ్చిన పెట్టెలు గ్యారేజీలో ఉన్నాయి, ముట్టుకోనివ్వరు. మూత ఊడిన ఒకదాంట్లో ఆవిడ పాత హాజరు పుస్తకం కనిపించింది. మన పిల్లల పేర్లు, గుజరాతీ పిల్లల పేర్లు, స్పానిష్ పేర్లు. ఒక్కోదాని పక్కన పెన్సిల్‌తో చిన్న చిన్న గీతలు. 'వెంకట'ని మూడు ముక్కలు చేసి, ఎక్కడ నొక్కి పలకాలో గుర్తు పెట్టుకున్నారు. అది చూసి అక్కడే కూర్చుని ఏడ్చేశాను. మా అమ్మేమో ఫోన్‌లో "మొగుడి పెద్దమ్మ కోసం ఇంత ఏడుపేంటే, చంటిపిల్లలున్న ఇల్లు" అని కోప్పడుతోంది. నేనేం చేయాలి?

జవాబు: ముందు మీ హక్కు సంగతి. ఉందమ్మా. ఇంటి పెద్ద అడిగారు, మీరు ఆవిడని ప్రేమించారు, ఇంకేం కావాలి? అయితే మీ ఆడపడుచు కోపాన్ని పోటీగా తీసుకోకండి. స్కూలు నుంచి రాగానే ఎవరు అన్నం పెట్టారో, జ్వరమొస్తే ఎవరు పక్కన పడుకున్నారో ఆ అమ్మాయికి తెలుసు. తల్లి లాంటి మనిషి పోతే, ఆ మనిషి గురించి చెప్పే అవకాశం తనని దాటుకుని మరదలికి వెళ్లింది. నొప్పి అక్కడుంది. ఈ వారంలోనే ఒకరోజు ఆవిడ ఇంటికి వెళ్లండి. ఫోన్ చాలదు. "చిన్నప్పటి జియా నాకు తెలీదు, అది మీరే చెప్పాలి. నేను చూసిన నాలుగు ముక్కలు తర్వాత నేను చెప్తాను" అని అడగండి. అప్పటికీ ఆవిడ మాట్లాడనంటే, ఆవిడ చెప్పిన ఒక్క సంగతైనా, ఆవిడ పేరుతోనే, మీరు చెప్పండి.

ఎక్కడ మాట్లాడాలో కూడా చూసుకోండి. క్యాథలిక్ పూజ మధ్యలో పొడుగు ప్రసంగాలకి చోటుండదు. కొన్ని చర్చిల్లో చివర్లో రెండు మూడు నిమిషాలు ఇస్తారు, కొన్నిచోట్ల అదీ ఒప్పుకోరు. ఫాదర్‌ని ముందే అడగండి. నా సలహా అయితే తర్వాత భోజనాల దగ్గరే మాట్లాడండి. అక్కడ గొంతు పూడుకుపోయినా ఫర్వాలేదు, పక్కనున్నవాళ్లు అందుకుంటారు.

ఇక ఏం చెప్పాలన్నది. "ఒక్క పెట్టెతో ఓడ దిగింది, కష్టపడింది, పైకొచ్చింది" అనే కథ మాత్రం చెప్పకండి. అది వలస వచ్చిన ప్రతి ఇంటి గోడ మీదా ఉండే కథే, అందులో మీ జియా కనపడదు. ఆ హాజరు పుస్తకంలో కనపడుతుంది. ఆ గీతలు ఎందుకు పెట్టారో అర్థం కావాలంటే ఆవిడ ఏ కాలంలో వచ్చారో కొంచెం తెలియాలి.

1880 నుంచి 1924 దాకా 40 లక్షల మందికి పైగా ఇటాలియన్లు అమెరికా వచ్చారు, ఎక్కువమంది దక్షిణాది పేదలే. 1924లో వచ్చిన వలసల చట్టం ఆ తలుపు దాదాపు మూసేసింది. మళ్లీ తెరిచింది 1965 చట్టం. మీ జియా వచ్చింది దాని తర్వాతే. మన తెలుగు డాక్టర్లు, ఇంజినీర్లు పెద్ద సంఖ్యలో రావడానికి దారి వేసింది కూడా అదే చట్టం. ఆవిడ ఇక్కడికి రావడానికీ, ఆవిడ క్లాసులో ఒక వెంకట కూర్చోవడానికీ మూలం ఒకటేనన్నమాట. ఇది భోజనాల దగ్గర చెప్పండి, మీ మామగారికి తప్పకుండా నచ్చుతుంది.

ఆవిడ వచ్చేనాటికి ఇక్కడి ఇటాలియన్ ఇళ్లలో చాలామంది పిల్లలకి ఇటాలియన్ రాదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ అమెరికాకి శత్రువైంది. పౌరసత్వం ఇంకా రాని సుమారు 6 లక్షల మంది ఇటాలియన్లని 1942 అక్టోబర్ దాకా శత్రుదేశస్థుల లెక్కలో పెట్టారు. శత్రువు భాష మాట్లాడొద్దని పోస్టర్లు అంటించారు. భయంతో తల్లిదండ్రులు పిల్లలతో ఆ భాష మానేశారు. ఇంగ్లీషు రాని పిల్లలకి బడిలో సాయం చేయడానికి దేశం మొత్తానికీ వర్తించే మొదటి చట్టం 1968లో గానీ రాలేదు. అంటే మీ జియా క్లాసులో కూర్చున్న మొదటి రోజున ఆ పిల్లకి అర్థమయ్యేలా చెప్పే దిక్కు బహుశా ఎవరూ ఉండి ఉండరు.

బడి పేర్లని ఏం చేసేదో కూడా చూడండి. లియొనార్డ్ కొవెల్లో అని పెద్ద విద్యావేత్త ఉండేవారు. 1887లో దక్షిణ ఇటలీలోని అవిల్యానోలో పుట్టి, చిన్నప్పుడే న్యూయార్క్ వచ్చారు. అసలు ఇంటిపేరు కొవియెల్లో. పలకడం కష్టమని ఒక టీచర్ మధ్యలో అక్షరం తీసేశారు, ఇంట్లో పెద్ద గొడవైంది. ఆ కుర్రాడే 1934లో ఈస్ట్ హార్లెమ్‌లో హైస్కూలు ప్రిన్సిపాల్ అయ్యి, వలస పిల్లల భాషనీ ఇంటినీ గౌరవించాలని జీవితమంతా పోరాడారు. మీ జియాకి ఆయన తెలుసో లేదో నేను చెప్పలేను గానీ, ఆ పెన్సిల్ గీతలు ఆ దారిలోవే. ఒక టీచర్ రాత్రి ఇంట్లో కూర్చుని, ఎక్కడో పుట్టిన పిల్లాడి పేరు పొద్దున తప్పు పలకకూడదని సాధన చేసింది. ఒక మనిషి గురించి చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఒక్క జాగ్రత్త. ఆ పుస్తకంలోని పిల్లల పూర్తి పేర్లు, మార్కులు అందరిలో చదవకండి, ఫోటో తీసి పంచకండి. అవి వాళ్ల సొంత వివరాలు. గీతల సంగతి చెప్తే చాలు. మీ ఊళ్లో ఆవిడ దగ్గర చదువుకున్న తెలుగు పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లై ఉంటారు. వాళ్లని పిలిచి, "మా టీచర్ గ్రేట్" లాంటి మాటలు వద్దని, ఆవిడ తమతో అన్న ఒక్క మాటో చేసిన ఒక్క పనో చెప్పమని అడగండి. 1980 నవంబర్ 23న అవెల్లీనో ప్రాంతాన్ని భూకంపం పాడుచేసింది, రెండున్నర వేల మందికి పైగా పోయారు. అప్పటికి జియా ఇక్కడే ఉన్నారు. ఆ రోజుల్లో ఆవిడ ఎలా ఉన్నారో మామగారిని అడగండి. ఆయన్ని మాట్లాడించడానికి కూడా అది మంచి దారి.

అమ్మగారితో వాదన వద్దు. ఆవిడ భయం మీ గురించి, చంటిపిల్లల గురించి. దక్షిణ ఇటలీ పల్లెల్లో చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరనీ, చుట్టాలూ ఇరుగుపొరుగూ వండి తెచ్చి పెడతారనీ చెప్పండి. మన దగ్గరా అంతే కదా. మొగుడి పెద్దమ్మ అనకుండా "ఆయన్ని పెంచిన తల్లి" అనండి, అమ్మగారే సర్దుకుంటారు.

అసలు నాకు టెన్షన్ మీవారి గురించే. పెంచిన మనిషి పోయింది, కానీ లోకం లెక్కలో ఆవిడ పెద్దమ్మే. అమ్మానాన్నలు పోతే ఇచ్చే సెలవు చాలా ఆఫీసుల్లో పెద్దమ్మకి ఇవ్వరు. "అయ్యో" అని ఒక మాట అని పని అప్పజెప్తారు. ఇలా పైకి చెప్పుకునే హోదా లేని దుఃఖం లోపలే ఉండిపోతుందని కెన్నెత్ డోకా లాంటి పరిశోధకులు 1980ల్లోనే రాశారు. కాబట్టి "మీకు అమ్మే పోయింది" అని మీరు నోరు తెరిచి అనండి. ఆ మాట ఆయనతో ఇంతవరకు ఎవరూ అని ఉండరు.

పెట్టెలు ఆయన లేకుండా తెరవకండి, తెరవమని పట్టుబట్టకండి. ఒక్క హాజరు పుస్తకం మాత్రం తీసుకెళ్లి పక్కన పెట్టి, "దీని గురించి మాట్లాడాలనుకుంటున్నా, మీరు వద్దంటే మానేస్తా" అని అడగండి. వద్దంటే నిజంగా మానేయండి, మీరు చెప్పడానికి వేరే చాలా ఉంది. నెల రోజులు మౌనంగా ఉండటం జబ్బు కాదు. నిద్ర పూర్తిగా పోయినా, తాగుడు పెరిగినా, ఉద్యోగానికి వెళ్లలేకపోతున్నా, బతకాలని లేదన్నట్టు మాట్లాడినా మాత్రం ఆగకండి. చచ్చిపోవాలనుందని అంటే ఒంటరిగా వదలకుండా వెంటనే 988కి ఫోన్ చేయండి, అమెరికాలో అది 24 గంటలూ పనిచేస్తుంది. మిగతావాటికి మీ ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి మీరే అపాయింట్‌మెంట్ తీసుకుని, వెంట వెళ్లండి.