భానుమతి గారు అన్నీ చేశారు కదా, అందులో ఏది గొప్ప?

"నటి, గాయని, దర్శకురాలు, సంగీత దర్శకురాలు, రచయిత్రి, స్టూడియో యజమాని అని భానుమతి గారి గురించి పెద్ద జాబితా చెబుతారు. నిజంగా ఇందులో ఆవిడ దేనిలో గొప్ప?" అని అడిగారు. నన్నడిగితే గొంతు. మిగతావన్నీ దాని వెనకాల నడిచొచ్చినవే.

నేను కొన్నేళ్ళు తెనాలి వైపు ఒక ఆర్కెస్ట్రాలో పాడాను. పెళ్ళిళ్ళు, వినాయక చవితి పందిళ్ళు, అప్పుడప్పుడు కల్యాణ మండపాల్లో పాత పాటల కార్యక్రమాలు. జనం చీటీల మీద పాటలు రాసి పంపేవాళ్ళు. సుశీల గారి పాట వస్తే మేం ఆడవాళ్ళం నేనంటే నేనని లేచేవాళ్ళం. భానుమతి గారి పాట వస్తే మాత్రం ఆ చీటీ మెల్లగా అడుక్కి వెళ్ళిపోయేది. సుశీల గారి పాటని శ్రుతి తప్పకుండా, మాట స్పష్టంగా పాడితే చాలావరకు నిలబడుతుంది. భానుమతి గారి పాటని అంత శుభ్రంగా పాడితే స్వరాలన్నీ ఉంటాయి, పాట మాత్రం ఉండదు. మల్లీశ్వరిలో "ఎందుకే నీకింత తొందర" తీసుకోండి. అది మనకి వినిపించడానికి పాడుతున్నట్టు ఉండదు, చిలకతో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఎక్కడ సంగీతం ఆగి మాట మొదలైందో తేల్చి చెప్పలేం. అదే సినిమాలో "పిలచిన బిగువటరా" వినండి. ఆ అలక, ఆ దబాయింపు ఏ స్వరంలో రాసుకుని నేర్చుకోవాలి? కీబోర్డు వాయించే మా మాస్టారు "ఆ పాటకి నొటేషన్ ఉందమ్మా, భానుమతికి లేదు" అనేవారు.

దీనికి కారణం ఆవిడ వచ్చిన కాలం. పుట్టింది 1925లో, ఒంగోలు దగ్గర దొడ్డవరంలో. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య గారికి సంగీతమంటే ప్రాణం, తొలి పాఠాలు ఆయన దగ్గరే. 1939లో సి. పుల్లయ్య గారి వరవిక్రయంలో కాళింది వేషం వేసినప్పుడు ఆవిడకి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. వేషం వేసేవాళ్ళే పాడుకోవాల్సిన రోజులవి. తర్వాత ప్లేబ్యాక్ వచ్చింది, హీరోయిన్లు పెదాలు కదిపితే సరిపోయింది, పాట లీల, జిక్కి, సుశీల గార్ల చేతికి వెళ్ళింది. భానుమతి గారు మాత్రం తన పాట ఎవరికీ ఇవ్వలేదు. 1964లో బొబ్బిలి యుద్ధంలో "శ్రీకర కరుణాలవాల" ఆవిడదే, 1984లో మంగమ్మగారి మనవడులో "శ్రీ సూర్యనారాయణా మేలుకో" వాణీ జయరాంతో కలిసి పాడిందీ ఆవిడే. మొదటి సినిమాకీ దీనికీ మధ్య నలభై అయిదేళ్ళు! అందుకే ఆవిడ నటనని, పాటని విడదీసి మార్కులు వేయడం కుదరదు.

స్వర్గసీమ (1945) చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. 1943లో పి.ఎస్. రామకృష్ణారావు గారిని పెళ్ళి చేసుకుని సినిమాలు మానేద్దామనుకున్న మనిషిని బి.ఎన్. రెడ్డి గారు మళ్ళీ లాక్కొచ్చిన సినిమా అది. వీధుల్లో ఆడిపాడే సుబ్బి, నాటకాల్లో సుజాతగా వెలిగి నాగయ్య గారి సంసారంలో చిచ్చు పెడుతుంది. అందులో "ఓహోహో పావురమా" పాటకి బ్లడ్ అండ్ శాండ్ అనే హాలీవుడ్ సినిమాలో విన్న పాట ప్రేరణ అని ఆవిడే చెప్పుకున్నారు. త్యాగరాజ కీర్తనలు నేర్చుకున్న గొంతు అంత కొంటెతనం పలికించడం ఆ రోజుల్లో ఎంత వింతగా ఉండి ఉంటుందో ఊహించండి.

ఇక పొగరు సంగతి. ఆవిడ పేరెత్తగానే ఎవరో ఒకరు మిస్సమ్మ కథ చెబుతారు. కొంత షూటింగ్ అయ్యాక నిర్మాత చక్రపాణి గారితో పడక వదిలేశారు, ఆ వేషం సావిత్రిని మహానటిని చేసింది. తమిళంలో ఎం.జి.ఆర్. తీసిన నాడోడి మన్నన్ నుంచి కూడా మధ్యలోనే తప్పుకున్నారు. దీన్ని పొగరు అనేవాళ్ళు ఒక విషయం మర్చిపోతారు. అప్పటికి ఆవిడకి సొంత నిర్మాణ సంస్థ ఉంది, కొడుకు పేరు మీద పెట్టిన భరణి. మద్రాసు సాలిగ్రామంలో సొంత స్టూడియో ఉంది. వేషం పోతే ఏమవుతుందో అన్న టెన్షన్ లేని నటి కాబట్టి అలా వదిలేసి వెళ్ళగలిగారు. అదే పని హీరో చేస్తే ఆత్మగౌరవం అనేవాళ్ళం, అంతే తేడా. (తమాషా ఏంటంటే, మిస్సమ్మకి ముందు ఏడాది భరణి వాళ్ళు తీసిన సినిమా పేరు కూడా చక్రపాణే. దానికి సంగీతం భానుమతి గారిది. హాయిగా నవ్వుకోవచ్చు, తప్పకుండా చూడండి.)

దర్శకత్వం విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. 1953లో, ఇరవై ఏడూ ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో, చండీరాణిని తెలుగు, తమిళ, హిందీ భాషల్లో తీసి, అందులో రెండు పాత్రలు వేసి, పాటలు పాడటం మామూలు సాహసం కాదు. కానీ సినిమాగా చూస్తే నాకు "ఓ తారకా" పాటే మిగిలింది. భర్త దర్శకత్వంలో వచ్చిన విప్రనారాయణ దానికంటే చాలా మెట్లు పైన ఉంటుంది. అందులో దేవదేవిగా ఆవిడ నాగేశ్వరరావు గారిని వలలో వేసుకునే తీరు చూసి మా అమ్మమ్మ ఇప్పటికీ మెటికలు విరుస్తుంది.

రచన మాత్రం నేను రెండో స్థానంలో పెడతాను, నటన కంటే కూడా పైన. అత్తగారి కథలు చదవకపోతే వెంటనే చదవండి. మడి, ఆచారం, అమాయకత్వం, మొండితనం కలిసిన ఆ అత్తగారిని ఆవిడ ఎక్కడా వెక్కిరించదు. కోడలు పక్కన నిలబడి చూస్తూ ఉంటుంది, నవ్వు దానంతటదే వస్తుంది. మా అత్తగారికి నేనే ఒకటి చదివి వినిపించాను. ఆవిడ పడీపడీ నవ్వి, "ఇది మా అత్తగారే" అన్నారు. తన గురించి అనుమానం రాలేదు, బతికిపోయాను.

పద్మశ్రీ (1966), పద్మభూషణ్ (2001), మద్రాసు సంగీత కళాశాల ప్రిన్సిపాల్ పదవి, ఇవన్నీ మీకు ఎక్కడైనా దొరుకుతాయి. వినడం మొదలుపెట్టాలంటే మల్లీశ్వరి, తర్వాత విప్రనారాయణలో "ఎందుకోయీ తోటమాలి", ఆ తర్వాత మట్టిలో మాణిక్యంలో "శరణం నీ దివ్య చరణం". అంతా మన మంచికే ఆవిడే తీసిన సినిమా, "నేనే రాధనోయి గోపాలా" అందులోదే. పాట వరకు ఎన్నిసార్లయినా వినొచ్చు, సినిమా మొత్తం చూడటం మీ ఓపిక.