డాక్ మీద కరెంటు పంచుకునే ముందు

అల్లుడూ, ఆశీస్సులు.

సియాటిల్‌లో లేక్ యూనియన్ సరస్సు మీద పడవ కట్టుకునే చోటు, అదే స్లిప్, దొరికిందని, ఈ చలికాలమంతా పడవలోనే ఉంటావని మీ అమ్మ చెప్పింది. నువ్వు నీళ్ల మీద పడుకుంటున్నావని ఆవిడకు టెన్షన్. నాకు ఆ భయం లేదు కానీ నీ మెసేజ్‌లో చివరి మాట దగ్గర ఆగిపోయాను. పక్క పడవ ఆయనకీ నీకూ కలిపి ఒకటే మీటరట. బిల్లు చెరి సగం కట్టుకుందామని ఆయనే అన్నాడట. సరే అనమంటావా మామయ్యా అని అడిగావు.

అనొద్దు. ఆయన మంచి మనసుతోనే అని ఉంటాడు. లెక్క చూస్తే సగం పద్ధతిలో లాభం నీకే, అందుకే వద్దంటున్నాను. ఆయన పడవలో కాపురం ఉండడు, శని ఆదివారాల్లో వచ్చిపోతాడు. ఆయన లేనప్పుడు అక్కడ నడిచేవి బ్యాటరీ చార్జరు, తేమ లాగే డీహ్యూమిడిఫైయరు. నువ్వు రోజూ ఉంటావు, హీటరు వేస్తావు, స్నానానికి నీళ్లు కాచుకుంటావు, వంట చేస్తావు. అక్టోబరులో ఈ తేడా కనపడదు. జనవరి బిల్లు చూసేసరికి ఆయనకి గుచ్చుకుంటుంది. మాట తనదే కాబట్టి నిన్ను అడగలేడు, అడగకుండా ఉండనూ లేడు. నువ్వు ఊళ్లో లేని రోజున పెద్ద గాలి లేస్తే నీ పడవ తాళ్లు చూసి బిగించేది ఆయనే. అలాంటి మనిషితో పొరపొచ్చం రానివ్వకు.

ముందు నీ వాడకం ఎంతో తెలుసుకో. 1500 వాట్ల హీటరు గంట నడిస్తే ఒకటిన్నర యూనిట్. రోజుకి 12 గంటలు నడిచిందనుకో, 18 యూనిట్లు. నెలకి 540. యూనిట్ 15 సెంట్లు అనుకుని చూసినా ఒక్క హీటరుకే 81 డాలర్లు. మిగతావి దాని పక్కన ఏ మూలకీ రావు. బ్యాటరీ నిండాక చార్జరు తీసుకునేది చాలా తక్కువ. లైట్లు, ల్యాప్‌టాప్, ఫోను అసలు లెక్కలోకే రావు. అంటే మీ ఇద్దరి బిల్లు తేల్చేది చలికాచుకోవడం, వేడినీళ్లు, ఈ రెండే.

హైదరాబాద్‌లో మీ నాన్న పై వాటా అద్దెకిచ్చినప్పుడు సబ్ మీటరు పెట్టించి, నెలనెలా రీడింగ్ చూసి యూనిట్‌కి ఇంత అని తీసుకునేవాడు, గుర్తుందా? ఇక్కడా అదే చెయ్యి. డాక్ మీద సాకెట్లుండే కరెంటు స్తంభం, అదే పెడెస్టల్‌లో, నీ సాకెట్‌కి విడిగా మీటరు పెడతారేమో ముందు మెరీనా (పడవల రేవు) ఆఫీసులో అడుగు. కుదరదంటే నీ పడవలో మెయిన్ బ్రేకరు తర్వాత చిన్న మీటరు పెట్టించుకో. ఆ పని పడవల ఎలక్ట్రీషియన్‌తోనే చేయించు. ఇళ్లలో వైరింగ్ చేసేవాళ్లకి పడవలో ఎర్త్, న్యూట్రల్ ఎక్కడ కలపాలో, ఎక్కడ కలపకూడదో సరిగా తెలియకపోవచ్చు. ఆ ఒక్క తప్పు ప్రాణం మీదికి తెస్తుంది.

పంపకం ఎలాగంటే, నెలవారీ స్థిర చార్జీ ఏదైనా ఉంటే అది చెరి సగం, యూనిట్లు మాత్రం ఎవరివి వాళ్లవి. బిల్లు 800 యూనిట్లు వచ్చిందనుకో, నీ మీటరు 560 చూపించిందనుకో. మిగతా 240 ఆయనవి. యూనిట్ 15 సెంట్లయితే నీకు 84 డాలర్లు, ఆయనకి 36. స్థిర చార్జీ 20 ఉంటే చెరి పది. నువ్వు 94, ఆయన 46. సగం పద్ధతిలో ఆయన 70 కట్టేవాడు. మొదటి రోజు ఇద్దరూ కలిసి నిలబడి రెండు మీటర్లకీ ఫోటో తీసుకోండి. రేటు ఎంత, రీడింగ్ ఏ తారీఖున, డబ్బు ఎన్ని రోజుల్లో ఇవ్వాలి, ఈ మూడూ ఒక మెసేజ్‌లో రాసి ఆయనకి పంపు. ఆయన సరే అని జవాబిస్తే చాలు, అగ్రిమెంట్లు అక్కర్లేదు. యూనిట్ మీద నువ్వు గానీ ఆయన గానీ లాభం వేసుకోకూడదు. బ్రిటన్‌లో అయితే ఇంటి అవసరాలకు వాడే కరెంటును తాము కొన్న ధరకు మించి తిరిగి అమ్మకూడదని విద్యుత్ నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ 2003 నుంచే నియమం పెట్టింది, అక్కడి మెరీనాల్లో పడవల్లో కాపురం ఉండేవాళ్లు దాన్ని చూపించి అడుగుతారు. నీ దగ్గర ఏ చట్టం వర్తించినా వర్తించకపోయినా, ఇద్దరు పక్కపక్కవాళ్ల మధ్య అదే మర్యాద.

డబ్బు సంగతి ఇంతే. నాకు అసలు బెంగ ఆ కేబుల్ గురించి.

మీ డాక్ మీద ఉన్నవి 30 ఆంపియర్ల సాకెట్లని ఫోటోలో చూశాను. 120 వోల్టుల దగ్గర 30 ఆంపియర్లంటే 3600 వాట్లు. కానీ గంటల తరబడి నడిచే లోడ్ అందులో 80 శాతం దాటకూడదు, అంటే 24 ఆంపియర్లు. ఒక్క హీటరే పన్నెండున్నర ఆంపియర్లు లాగుతుంది. పడవల్లో వేడినీళ్ల ట్యాంకు ఎలిమెంటు కూడా ఎక్కువగా 1500 వాట్లదే ఉంటుంది. రెండూ కలిస్తే 25. అప్పటికే హద్దు దాటావు. అందులో అన్నే వాట్ల కెటిల్ పెడితే ముప్ఫై ఏడున్నర, బ్రేకరు పడిపోతుంది. బ్రేకరు పడిందంటే అది తన పని చేసినట్టు, దానిమీద విసుక్కోకు. నా భయం, బ్రేకరు పడకుండా అంచున నడిచే రాత్రుల గురించి. అలాంటప్పుడు వేడెక్కేది కేబుల్ మధ్యలో కాదు, రెండు చివర్లలో, ముఖ్యంగా పడవకి కేబుల్ తగిలించే ఇన్‌లెట్ దగ్గర. ఉప్పుగాలికీ తేమకూ పిన్నులు చిలుము పట్టి, సాకెట్ వదులై, అక్కడ వేడి పుడుతుంది. మెల్లగా ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరుగుతుంది. డాక్ మీద మంటలు ఒక పడవతో ఆగవు.

కాబట్టి చలి మొదలైన వారంలోనే ఒక పని చెయ్యి. హీటరు వేసి గంట ఆగి, ప్లగ్ రెండు చివర్లూ బయటి నుంచి చేత్తో తాకి చూడు. కొంచెం గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. చెయ్యి పెట్టలేనంత ఉంటే వెంటనే లోడ్ ఆపెయ్, ఆ ప్లగ్గూ ఇన్‌లెట్టూ రెండూ మార్పించు. ఒకటే మారిస్తే పాతది కొత్తదాన్ని పాడుచేస్తుంది. తగిలించేటప్పుడు పెడెస్టల్ బ్రేకరు ఆపి ఉంచి, ముందు పడవ వైపు, తర్వాత డాక్ వైపు, ఆఖర్న బ్రేకరు. తీసేటప్పుడు ముందు పడవలో లోడ్ తగ్గించు, తర్వాత బ్రేకరు, డాక్ వైపు ప్లగ్, చివరికి పడవ వైపు. తిప్పి బిగించే రింగు వదిలేస్తారు చాలామంది, నువ్వు వదిలెయ్యకు. మనిషి లేని పడవలో హీటరు నడపకు. తేమకి భయమైతే డీహ్యూమిడిఫైయరు చాలు, అది హీటరులో మూడో వంతు కూడా తినదు. రాత్రి పడుకునేటప్పుడు వంద వాట్ల ఎలక్ట్రిక్ దుప్పటి కప్పుకుంటే హీటరు తగ్గించుకోవచ్చు.

ఎండాకాలంలో స్నేహితులు పడవ తెచ్చి నీ పక్కన కట్టి, ఒక్క రాత్రికి కరెంటు ఇస్తావా అంటారు. ముందు మెరీనాని అడుగు, చాలా చోట్ల అనుమతి లేకుండా ఇంకో పడవకి లైను ఇవ్వకూడదని అద్దె కాగితంలోనే రాసి ఉంటుంది. ఒక 30 ఆంపియర్ల సాకెట్‌ని రెండుగా చీల్చే ఎడాప్టరు పెట్టినంత మాత్రాన 60 ఆంపియర్లు రావు, ఆ ముప్ఫైనే ఇద్దరూ తినాలి. ఇంట్లో వాడే ఎక్స్‌టెన్షన్ వైరుతో మాత్రం ఎవరికీ ఇవ్వకు. ఒక్క రాత్రికి స్నేహితుడి దగ్గర డబ్బు తీసుకోవద్దు, అది మన పద్ధతి కాదు. వారం ఉంటే మీటరు చూసి తీసుకో, వాళ్లకీ అదే హాయిగా ఉంటుంది. ఖాళీ స్లిప్‌లో ఉన్న సాకెట్ వాడుకోవచ్చని ఎవరైనా చెప్తే వినకు. అది ఎవరిదో ఒకరి బిల్లులో పడుతుంది.

ఇంకోటి ఉంది, పంచుకుంటున్నట్టే తెలియనిది. ఎర్త్ వైరు. నువ్వూ ఆయనా ఒకే పెడెస్టల్‌లో ప్లగ్ పెట్టగానే, ఆకుపచ్చ వైరు ద్వారా మీ రెండు పడవల కింద నీళ్లలో ఉన్న లోహాలన్నీ కలిసిపోతాయి. నీళ్లూ ఆ వైరూ కలిపి ఒక బ్యాటరీలా పనిచేస్తాయి. పడవ లోహాలకు బదులు తాను కరిగిపోయేలా కింద బిగించే జింక్ లాంటి రక్షణ లోహం ఆయన పడవకి అరిగిపోయి ఉంటే, నీది ఆయనకోసం కూడా కరిగిపోతుంది. నీది అయిపోయాక నీ ప్రొపెల్లరు. గాల్వానిక్ ఐసోలేటర్ అని ఒక చిన్న పరికరం ఉంటుంది. అది ఈ చిన్న డీసీ కరెంటును ఆపి, నిజమైన లోపం వచ్చినప్పుడు మాత్రం ఆ కరెంటును ఎర్త్ వైరు గుండా పోనిస్తుంది. బిల్లులో వాటాలు తేల్చుకునే ముందే అది పెట్టించు. లేక్ యూనియన్ మంచినీరు కాబట్టి రక్షణ లోహంగా జింక్ అక్కడ సరిగా పనిచేయదు, మెగ్నీషియం కావాలి. బల్లార్డ్ లాకులు దాటి ప్యూజెట్ సౌండ్ ఉప్పునీళ్లలోకి తరచుగా వెళ్తావంటే అల్యూమినియం వేయించు, రెండు చోట్లా పనికొస్తుంది.

మంచినీరు అన్నందుకు గట్టిగా చెప్తున్నాను, ఆ డాక్ దగ్గర నీళ్లలోకి దిగకు. ఎవర్నీ దిగనివ్వకు, వేసవిలో పిల్లలొస్తే మరీనూ. ఏ పడవ నుంచైనా కరెంటు నీళ్లలోకి లీకైతే, మంచినీళ్ల కంటే మనిషి ఒంట్లోంచే సులువుగా పోతుంది. కండరాలు బిగుసుకుపోయి మనిషి ఈదలేక మునిగిపోతాడు, చూసేవాళ్లకి మామూలుగా మునిగినట్టే ఉంటుంది. ఎవరైనా అలా కొట్టుకుంటుంటే నువ్వు దూకొద్దు. ముందు పెడెస్టల్ బ్రేకర్లు ఆపు, సాయానికి కేకలు వెయ్యి, తేలే ట్యూబ్ విసురు. ఈ ప్రమాదాన్ని అడ్డుకోవడానికే అమెరికా జాతీయ విద్యుత్ నియమావళి 2017లో మెరీనాలకు లీకేజీ హద్దును 30 మిల్లీ ఆంపియర్లకి తగ్గించింది. అప్పటివరకు అది 100 ఉండేది. 2020లో ఉమ్మడి లైన్లకు మళ్లీ 100 చేసి, 30 హద్దును ఒక్కో పడవ సాకెట్‌కి ఉంచింది. ఇంకా 30 హద్దుతోనే ఉమ్మడి బ్రేకరు ఉన్నచోట అందరి లీకేజీలూ కలుస్తాయి, నాలుగు పడవలు తలా పదేసి మిల్లీ ఆంపియర్లు లీక్ చేస్తే డాక్ అంతా చీకటి. అలా పడిపోతుంటే లీకేజీని పట్టించుకోని పాత బ్రేకరు పెట్టమని మెరీనా మీద ఒత్తిడి తెచ్చేవాళ్లు ఉంటారు. నువ్వు వాళ్లతో కలవకు. కేబుల్ చుట్టూ తగిలించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరుతో ఎవరి కేబుల్ లీక్ అవుతోందో చూడమని అడుగు, మొదట నీదే చూపించు.

పక్కాయన కేబుల్ కాలుతున్నట్టు కనపడితే ఫోటో తీసి వెంటనే ఫోన్ చెయ్యి, ఎత్తకపోతే మెరీనా ఆఫీసుకి. పొగ వస్తుంటే బ్రేకరు ఆపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, కానీ ఆపినట్టు ఆ నిమిషంలోనే చెప్పాలి. అడుగున చేరిన నీటిని తోడే పంపు బ్యాటరీ మీద నడుస్తుంది, ఆ బ్యాటరీని నిలబెట్టేది చార్జరు. డబ్బు ఇవ్వలేదన్న కోపంతో ఎవరి ప్లగ్గూ పీకకు. వానల్లో నాలుగు రోజులు కరెంటు లేకపోతే పడవే అడుగుకి పోవచ్చు. బాకీ ఎంతైనా అది ఆఫీసులో మాట్లాడుకోవలసిన సంగతి.

స్లిప్ ఖాళీ చేసే రోజు ప్లగ్ తీసే ముందు ఆఖరి రీడింగ్ ఇద్దరూ చూడండి, ఆఖరి బిల్లు నువ్వు వెళ్లాక వస్తుంది కాబట్టి నీ వాటా ఆయన చేతికి ముందే ఇచ్చెయ్. ప్రస్తుతానికి నీ ఇన్‌లెట్ మూత తీసి పిన్నులు దగ్గరగా కనపడేలా ఫోటో పంపు. అది చూసేదాకా రెండో హీటరు కొనకు.

ప్రేమతో,
మామయ్య