మేనల్లుడి ట్రస్టు, 30 ఏళ్ళ లీజు

ప్రశ్న: మా అన్నయ్య పోయేముందు తెనాలిలోని షాపుల బిల్డింగును మా మేనల్లుడి కోసం ట్రస్టు రాసి రిజిస్టరు చేయించాడు. పిల్లాడికిప్పుడు 14 ఏళ్ళు. ట్రస్టీలం ఇద్దరం: నేను, అన్నయ్య స్నేహితుడు. ఆయన కొడుకు దగ్గరికని డాలస్ వెళ్ళి అక్కడే స్థిరపడ్డారు. ‘జీపీఏ (నా తరఫున పనులు చూసే అధికార పత్రం) పంపిస్తా, అన్నీ నువ్వే చూసుకోమ్మా’ అంటున్నారు. ఇప్పుడో బట్టల షోరూం వాళ్ళు బిల్డింగు మొత్తం 30 ఏళ్ళ లీజుకి అడుగుతున్నారు. కాగితాలన్నీ వాళ్ళ లాయరే చూసుకుంటాడట, నాకు పైసా ఖర్చుండదట. వేరే లాయర్ని పెట్టుకుంటే ఫీజు నేనెక్కడ తెచ్చేది? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ముందు ఆ ఉచిత లాయరుగారికి ఓ నమస్కారం పెట్టెయ్యండి. ఆయన చూసేది షోరూం లాభం. ఆయన పనే అది, తప్పేం లేదు. పిల్లాడి వైపు చూసే మనిషి వేరే ఉండాలి.

ఫీజు మీ చేతి నుంచి పెట్టుకోనక్కర్లేదు. భారతీయ ట్రస్టుల చట్టం, 1882లోని 32వ సెక్షన్ ప్రకారం ట్రస్టు పనికి సబబుగా అయిన ఖర్చు ట్రస్టు సొమ్ములోంచే తీసుకోవచ్చు. రసీదు అడిగి లెక్కల్లో రాయండి. ‘రసీదెందుకులెండి’ అనే లాయర్లు మాలోనూ ఉన్నారు, వాళ్ళ జోలికి పోకండి.

ఇక లీజు. దాని గడువు 21 ఏళ్ళు దాటితే జిల్లా కోర్టు అనుమతి కావాల్సిందే. అదీగాక, న్యాయంగా రాగలిగినంత మంచి అద్దెకే ఇవ్వాలి. 30 ఏళ్ళంటే లీజు తీరేసరికి మీ మేనల్లుడికి 44 వస్తాయి! ఆస్తి వాడికి ఏ వయసులో అప్పగించమని దస్తావేజులో ఉందో చూడకుండా అంత కాలానికి ఒప్పుకోవడం నాకు నచ్చదు.

డాలస్ జీపీఏతో పని జరగదు. దస్తావేజులో వేరేగా రాసి ఉంటే తప్ప ట్రస్టీలంతా కలిసే నిర్ణయించాలి. ఇద్దరూ నిర్ణయించిన దాని మీద ఆయన బదులు సంతకం పెట్టడానికైతే జీపీఏ చాలు, నిర్ణయాన్నే మీకొదిలెయ్యడానికి కుదరదు. అయితే, విదేశంలో స్థిరపడిన ట్రస్టీ స్థానంలో కొత్తవారిని పెట్టుకోవచ్చని 73వ సెక్షన్ చెబుతోంది. ఆ అధికారం దస్తావేజులో ఎవరికీ ఇవ్వకపోతే, మిగిలిన ట్రస్టీగా మీరే రాతపూర్వకంగా నియమించొచ్చు. లెక్కలు తెలిసిన దగ్గరి బంధువు ఎవరైనా ఉంటే ఆలోచించండి.

ట్రస్టు నిర్వహణలో ఏదైనా తేలనప్పుడు, దావా వెయ్యకుండానే 34వ సెక్షన్ కింద జిల్లా కోర్టును సలహా అడగొచ్చు. ఉన్నదున్నట్టు చెప్పి, కోర్టు చెప్పినట్టు నడుచుకుంటే ఆ విషయంలో రేపు మీ మీదికేం రాదు. చిక్కు వ్యవహారాలు మాత్రం ఇందులో తేల్చరు.

లాయరు ఎవరూ తెలియకపోతే 15100కి ఫోన్ చెయ్యండి. న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత సాయం ఉంది. వెళ్ళేటప్పుడు రిజిస్టరైన దస్తావేజు, ఇప్పటి అద్దె అగ్రిమెంట్లు, ఇంటిపన్ను రసీదులు, ట్రస్టు బ్యాంకు పాసుబుక్కు తీసుకెళ్ళండి. ఈలోపు షోరూం వాళ్ళ దగ్గర అడ్వాన్సు మాత్రం పుచ్చుకోకండి.