జాజ్‌తో కలిసిపోయాక కూడా యూదుల సంగీతాన్ని యూదు సంగీతం అని దేన్నిబట్టి అంటారు?

స్వరాలను బట్టి మాత్రం కాదు. తూర్పు యూరప్ యూదుల పెళ్లి సంగీతం క్లెజ్మర్‌నే తీసుకోండి. అందులో తరచుగా వినిపించే ఫ్రైగిష్ స్వరక్రమం మన వకుళాభరణం రాగంతో సరిపోతుంది. మరొకటి హేమవతితో. అంతమాత్రాన వకుళాభరణం పాడేవాళ్లు యూదు సంగీతం పాడుతున్నట్టు కాదు కదా! పైగా అరబ్బుల, తుర్కుల హిజాజ్ అనే రాగంలోనూ దాదాపు అవే స్వరాలు. క్లెజ్మర్‌లోని దోయినా అనే ఆలాపన రుమేనియా జానపదం నుంచి వచ్చింది. ఏ కలయికా లేని శుద్ధ క్లెజ్మర్ కోసం వెతికితే దొరకదు.

నా దృష్టిలో అసలు గుర్తు గమకం. యూదుల ప్రార్థనామందిరం సినగాగ్‌లో ప్రార్థన పాడే హజాన్ గొంతు ఒక్కోచోట ఏడుపు అడ్డుపడినట్టు విరుగుతుంది. ఆ వెక్కునే ఫిడేలు, క్లారినెట్ పలికిస్తాయి. తూర్పు యూరప్ యూదుల భాష యిడ్డిష్‌లో దాన్ని క్రెఖ్ట్స్ అంటారు. 1920లలో న్యూయార్క్‌లో రికార్డులిచ్చిన నఫ్తులె బ్రాండ్‌వైన్ క్లారినెట్ వినండి, వెంటనే చెవికి పట్టుబడుతుంది. 1938లో న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో జాజ్ క్లారినెట్ విద్వాంసుడు బెన్నీ గుడ్‌మన్ బృందం కచేరీ జరిగింది. ఒక పాట మధ్యలో ఆ బృందంలోని జిగ్గీ ఎల్మన్ ట్రంపెట్ అందుకోగానే స్వింగ్ అనే జాజ్ నడక పక్కకు తప్పుకుని పెళ్లి నాట్యం నడక వచ్చేస్తుంది. బృందం జాజ్‌దే, ఆ కాసేపూ పలుకు మాత్రం క్లెజ్మర్‌ది.

వాయించేవాడు యూదుడైతే చాలనే వాదన నేను ఒప్పుకోను. గుడ్‌మన్ యూదుడే, అయినా ఆయన స్వింగ్ అంతటినీ యూదు సంగీతం అనలేం.

సిరియాలోని అలెప్పో నగరపు యూదుల దగ్గర లెక్క వేరు. వాళ్లు హీబ్రూ భక్తిగీతాలను రాగాల్లాంటి అరబ్బు మఖామ్‌లలోనే పాడతారు. అక్కడ గమకం కన్నా సాహిత్యం, పాడే సందర్భమే ఎక్కువ చెబుతాయి.